ఇత్తడి గిద్దె

దుబాయ్ అవతలి ఖోర్ ఫక్కాన్ రేవులో నా పని తూటాలు కడగడం. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పేవాణ్ణి. దుబాయ్ దాకా పోయి తూటాలు కడగడమేమిటని నవ్వేవాళ్ళు. నవ్వనీ, నాకేం పోయింది? పెళ్ళిళ్ళలో పేల్చేసిన ఇత్తడి తూటా గొట్టాలు కొండల మీది ఊళ్ళ నుంచి సంచుల్లో వచ్చేవి. లోపలంతా కాలిన తుపాకిమందు మసి పట్టి, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టేది. వేడినీళ్ళలో నానబెట్టి, ఎండు నిమ్మకాయలు ఉడికించిన పులుపు పోసి, సన్న కుంచెతో తోమి, గోనెపట్టా మీద ఆరబెట్టేవాణ్ణి. ఆరాక మళ్ళీ మందు నింపితే అవి ఇంకో పెళ్ళికి పనికొస్తాయి. కడగడం వరకే నా పని, నింపడం దుకాణం ముసలాయన పని. మందు ఉన్న గదిలోకి అడుగు పెట్టనని చెప్పే పనిలో చేరాను.

ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

మాది ఉత్తర తెలంగాణలో బావులు తవ్వే ఇల్లు. మేం ముగ్గురు అన్నదమ్ములం, నేను నడిమివాణ్ణి. ఎండాకాలం నీళ్ళు అడుగంటగానే మా పని మొదలయ్యేది. అడుగున రాయి తగిలితే దానికి తూటు పెట్టి, మందు పోసి, కట్టెతో మెల్లగా కూరి, వత్తి అంటించి పైకి ఉరికేవాళ్ళం. మందు దగ్గరికి ఇనుము పోకూడదని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. మందు పోసేవాడు అంగీ లేకుండా దిగాలి. తువ్వాల తడిపి నడుముకు చుట్టుకొని, ఒంటి మీద ఇన్ని నీళ్ళు చల్లుకొని, రెండు అరచేతులు రాయికి ఆనించి మొక్కాలి. అది గంగమ్మ మొక్కు అని మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు, మేమూ అలాగే నమ్మాం.

నేను దుబాయ్ వచ్చింది రోడ్డు కంపెనీలో. ఖోర్ ఫక్కాన్ వైపు కొండలు కోసి రోడ్డు వేస్తున్న రోజులవి. దూరపు కొండలు నునుపంటారు. ఆ కొండలు దగ్గరికి వెళ్తే చెప్పులు కూడా మిగలవు. మొదటి జీతాలు చేతికి అందాక దుబాయ్‌లో డేరా అనే బజారుకు వెళ్ళి ఒకే దుకాణంలో రెండు టెర్లిన్ అంగీలు కొన్నాను. రెండూ లేత నీలం, నిలబడే కాలరు. ఒకటి నాకు, ఒకటి తమ్ముడికి. ఊరికి వెళ్ళేవాళ్ళ చేత పంపాను. అప్పుడు దుబాయ్ వెళ్ళినవాడు ఎవడైనా ముందు పంపేది టెర్లిన్ అంగీయే. ఉతికితే ఇట్టే ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, పది మందిలో నిలబడితే పెళ్ళికొడుకులా ఉంటాడు.

సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరాయన ఒకరోజు మా క్యాంపు గదిలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను రొట్టె తింటున్నాను.

"తమ్ముడు పోయిండు రా," అన్నాడు. "బావిల మందు కూరేటప్పుడు అంటుకున్నది. కూరే కట్టె ఇరిగిందట. మీ అన్న గడ్డపార అందిచ్చి, దీనితోని కూరు అన్నడట. ఇనుము రాయికి తగిలి నిప్పు లేసింది. వాని మొఖం గుర్తువట్టరాలే. నువ్వు పంపిన అంగి తొడుక్కున్నడు గదా, ఆ కాలరు చూసి గుర్తువట్టిన్రు."

మిగిలిన రొట్టె తినేశాను. ఎందుకు తిన్నానో తెలియదు, పళ్ళెంలో ఉంది, తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, తమ్ముణ్ణి ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఎంత బుద్ధిమంతుడో అన్నారు. వాడేం బుద్ధిమంతుడు? పని ఎగ్గొట్టి సంతలో తిరిగేవాడు, అద్దం కనిపిస్తే కదిలేవాడు కాదు. నేను చెయ్యి కడుక్కొని పడుకున్నాను. తెల్లారి లేచి పనికి వెళ్ళాను. నాకేదో అవుతుందని వాళ్ళు చాలా రోజులు కనిపెట్టి చూశారు. ఏమీ కాలేదు. ఉప్పు తింటే ఉప్పగా ఉండేది, ఎండలో ఉంటే వేడిగా ఉండేది, అంతే. అవి వేరే ఎవరికో అవుతున్నట్టుండేది.

అయింది అన్నకు. ఆ తర్వాత ఊరి నుంచి ఎవరొచ్చినా అన్న సంగతే. గడ్డపార పట్టుకెళ్ళి పాడుబడ్డ బావిలో వేశాడట. బావి పని మానేశాడు. మాట్లాడడం మానేశాడు. ఒకసారి వచ్చినవాడు గొంతు తగ్గించి చెప్పాడు. "మీ అన్న కుడిచేతితోని ఏం జేస్తలేడు రా. అన్నం గూడ ఎడమ చేతితోనే తింటుండు. ఆ చెయ్యే తమ్ముని సంపిందట. వదిన ఏడుస్తున్నది. ఇట్లనే ఉంటే ఈడు గూడ దక్కడు."

విన్నాను. ఏం రాయించి పంపను? అన్నకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఊళ్ళో ఎవరో ఒకరు గట్టిగా చదవాలి, వాకిట్లో జనం మూగాలి. పైగా చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఇనుము ఇనుమే. నీ తప్పు లేదన్నా అని రాయిస్తే అన్న నమ్ముతాడా? నేనే నమ్మలేదు.

రోడ్డు పని అయిపోగానే కంపెనీ మమ్మల్ని ఇంటికి పంపడం మొదలుపెట్టింది. నాకు వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్తే అన్న ఎదురుగా కూర్చోవాలి. అప్పుడే ఖోర్ ఫక్కాన్‌లో ఈ ముసలాయనకు మనిషి కావాలని తెలిసి ఆయన దగ్గర చేరాను. తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు, పాత తుపాకులు బాగుచేసే చిన్న దుకాణం. పోలీసులిచ్చిన అనుమతి చీటీ గోడకు మేకు కొట్టి ఉండేది. ముసలాయన వయసులో ఉండగా పడవల మీద బొంబాయి తిరిగినవాడు, ఆ రేవు హిందీతోనే నాతో మాట్లాడేవాడు. నేను బాబా అని పిలిచేవాణ్ణి. ఆ కొండజాతి వాళ్ళ పెళ్ళంటే మగవాళ్ళు వరసలుగా నిలబడి పాడాలి, తాతల నాటి ఒంటి తూటా తుపాకులు ఎగరేసి పట్టుకోవాలి, ఆకాశంలోకి పేల్చాలి. గుండు ఉండదు, మందూ పైన అట్టబిళ్ళా మాత్రమే. చప్పుడూ పొగా వస్తే చాలు. పొగ లేకపోతే పెళ్ళే కాదన్నట్టు మాట్లాడేవారు. ఆ పొగ కోసమే కొత్తరకం మందు ముట్టుకునేవారు కాదు, పాత నల్లటి మందే కావాలి.

బాబా మందు కొలిచేది మేక కొమ్ము చెక్కి చేసిన గిద్దెతో. తోలు తిత్తిలోంచి మందు తీసి, గిద్దె నింపి, పైన ఈకతో చదును చేసి, తూటా గొట్టంలోకి ఒంపేవాడు. గది గుమ్మం బయట కూర్చొని నేను తోముతూ చూసేవాణ్ణి. నేను చేరినప్పుడే ఆయన చేయి కొంచెం వణికేది. పోనుపోనూ ఎక్కువైంది. ఒక్కోసారి గిద్దెలోంచి బల్ల మీద చిందేది. ఒక్కోసారి ఒక గొట్టంలోనే రెండు గిద్దెలు పోసి, పోశానా లేదా అని నన్ను అడిగేవాడు. పాత తుపాకి ఎక్కువ మందుకు ఓర్చుకోదు, పేల్చేవాడి మొహం మీదే పగులుతుంది. అది ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అందుకే అనుమానం వచ్చిన ప్రతి తూటానూ గుల్ల చేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. సగం రోజు అలా పోయేది.

ఆయన కొడుకు ఓడరేవు ఆఫీసులో పెద్ద పని చేసేవాడు. ఒకరోజు వచ్చి ఖలాస్ అన్నాడు. ఇంక ఈ గదికి తాళం వేస్తానన్నాడు. ఆ చలికాలంలోనే వాళ్ళింటి పిల్ల పెళ్ళి, అంటే బాబా మనవరాలిది. పెళ్ళికూతురి ఇంటి తూటాలు ఆ ఇంటి పెద్ద తన చేత్తో నింపాలని వాళ్ళ ఆచారం. అంగట్లో కొన్నవి తెస్తే ఆ ఇంట్లో మగవాడు లేడా అని కొండ మీది వాళ్ళు ఎగతాళి చేస్తారట. బాబా గోల చెయ్యలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కొడుకు మెత్తబడ్డాడు. డేరాలో వేటసామాను అమ్మే దుకాణం ఒకటి ఉందని, అక్కడ మందును తనంతట తానే కొలిచే సాధనాలు ఉంటాయని, అది కొంటే సరేనని చెప్పాడు. బాబా నన్ను కూడా రమ్మన్నాడు.

కొడుకు పికప్‌లో కొండలు దిగి, ఇసుక దాటి డేరా చేరాం. బాబా కాళ్ళ దాకా వచ్చే కొత్త తెల్లటి కందూరా వేసుకున్నాడు, కొడుకు కుట్టించింది, టెర్లిన్ లాంటి జపాన్ గుడ్డ. దారంతా ముడత పడలేదని చూసుకొని మురిశాడు. దుకాణం సూక్ బజారు వెనక సందులో ఉంది. కౌంటర్‌లో ఉన్నది ఒక కచ్ఛీ సేఠు, నెమ్మదైన మనిషి. బేరానికి ముందు మాకు చాయ్ తెప్పించి మూడు సాధనాలు బల్ల మీద పెట్టాడు.

మొదటిది అద్దంలా కనిపించే ప్లాస్టిక్ గొట్టం, కింద తిప్పే పిడి. మందు ఎంతుందో బయటికే కనిపిస్తుంది. తేలిక, చౌక. కొడుక్కి చూడగానే నచ్చింది. సేఠు దాంట్లో ఆవాలు పోసి పిడి తిప్పి చూపించాడు. ప్రతిసారీ అన్నే ఆవాలు పడుతున్నాయి. కొడుకు జేబులోకి చెయ్యి పెట్టాడు.

"సబర్," అన్నాడు బాబా, ఆగమని. ఆ గొట్టాన్ని తీసుకొని కందూరా అంచుతో గట్టిగా రుద్దాడు. సిగరెట్ పెట్టెలోని కాగితం చించి ముక్కలు బల్ల మీద చల్లి, గొట్టాన్ని దగ్గరికి తెచ్చాడు. కాగితం ముక్కలు ఎగిరి గొట్టానికి అతుక్కున్నాయి. ఇంక దాన్ని ముట్టుకోలేదు.

సేఠు తల ఊపాడు. "నిజమే బాబా, రాపిడికి ఇందులో నిప్పురవ్వ పుడుతుంది. ఇది కొత్తరకం మందులకు. నల్ల మందుకు వాడొద్దని పెట్టె మీదే రాసి ఉంది," అని పెట్టె తిప్పి కొడుక్కి చూపించాడు. కొడుకు చదివి చెయ్యి జేబులోంచి తీశాడు.

రెండోది ఇనుముతో చేసింది, బరువుగా, బలంగా. బాబా నా వైపు చూశాడు. నేనెందుకో చూపు తిప్పుకున్నాను. "ఇనుము వద్దు," అన్నాను. లోపల తిరిగేచోట గింజ నలిగితే, ఇనుము ఇనుముతో రాసుకుంటే ఏమవుతుందో ఆ దుకాణంలో అందరికీ తెలుసు. సేఠు దాన్ని పక్కకు జరిపాడు.

మూడోది ఇత్తడి. ఇత్తడి కుప్పె, దాని మీద బిగుతుగా కూర్చునే ఇత్తడి మూత, కింద గొట్టం, పక్కన పిడి, బల్లకు బిగించుకోవడానికి కాలు. గొట్టం మీద గీతలున్నాయి. జరిపి బిగిస్తే ఎంత కావాలో అంతే పడుతుంది. లోపల ఇనుము ఎక్కడైనా ఉందా అని బాబా అడిగాడు. సేఠు మొత్తం విప్పి ముక్కలుగా పరిచాడు. బాబా అయస్కాంతం అడిగి ఒక్కో ముక్కకు ఆనించి చూశాడు. ఒక్కటీ అతుక్కోలేదు. మరను కూడా వదల్లేదు.

"కుప్పెలో ఎక్కువ పొయ్యొద్దు," అన్నాడు సేఠు. "ఆ కాసేపటికి కావలసినంతే పొయ్యండి. మిగతాది మూతపెట్టి దూరంగా ఉంచండి. దగ్గర సిగరెట్ వద్దు, దీపం వద్దు."

"నేను పుట్టినప్పటి నుంచీ దీంట్లోనే ఉన్నాను," అన్నాడు బాబా. కోపంగా అనలేదు. ఇత్తడి పిడి మీద చెయ్యేసి తిప్పితే ఆయన చెయ్యి వణికింది గాని ఆవాలు వణకలేదు. సరిగ్గా అన్నే పడ్డాయి. ఆయన మొహం చూడాలి అప్పుడు. పసిపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టుంది. అందరూ నవ్వారు. నేనూ పళ్ళు చూపించాను.

పెళ్ళి దగ్గరపడింది. కొండ వైపు నుంచి ఎండుగాలి మొదలైంది, పెదాలు పగిలే గాలి. మందు నింపే రోజు మధ్యాహ్నం బాబా నన్ను తన ఇంట్లోని గదికి రమ్మన్నాడు. గొట్టం పట్టుకోవడం, పిడి తిప్పడం, రెండూ ఆయనొక్కడి వల్ల కాదు. "నువ్వు గొట్టాలు పట్టుకో చాలు, పిడి నేను తిప్పుతాను. నీ చెయ్యి వణకదు, చూశాను," అన్నాడు. నిజమే, నా చెయ్యి వణకదు. వణకడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. రానని చెప్పడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. సరేనన్నాను.

పెళ్ళిల్లు కదా, నా దగ్గరున్న మంచి అంగీ వేసుకొని వెళ్ళాను. లేత నీలం టెర్లిన్. తండ్రి తూటాలు నింపే గది అందంగా ఉండాలని కొడుకు అంతకుముందే కొత్త నైలాన్ తివాచీ పరిపించాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. గదిలో దీపం లేదు, పొయ్యి లేదు, ఇనుప సామానంతా బయట పెట్టించారు. కిటికీకి తెర. బాబా జపాన్ కందూరాలో బల్ల ముందు కూర్చున్నాడు. ఇత్తడి సాధనం బల్లకు బిగించి ఉంది, కుప్పె ఖాళీ. మందు తిత్తి మూతి కట్టే ఉంది, ఆయన ఒళ్ళో. నేను రబ్బరు చెప్పులతో తివాచీ మీద గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, కుప్పె మూత తియ్యడానికి చెయ్యి పెట్టాను.

చిటుక్కుమంది. వేలి కొస నుంచి ఇత్తడికి సన్నటి నీలం వెలుగు దూకింది. తేలు కుట్టినట్టు చెయ్యి లాక్కున్నాను.

బాబా ముందు తిత్తిని తీసి మెల్లగా, చాలా మెల్లగా, గుమ్మం బయట నేల మీద పెట్టాడు. తర్వాత తిరిగొచ్చి నా అంగీ చేతిని రెండు వేళ్ళతో పట్టుకొని నలిపాడు. తన కందూరాను నలిపాడు. వంగి తివాచీని తడిమాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"అల్లా," అన్నాడు. "ఇత్తడి కోసం దుబాయ్ దాకా వెళ్ళాం. నిప్పును ఒంటికి కట్టుకొని వచ్చాం."

మళ్ళీ తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "మా నాయన మందు నింపేటప్పుడు నూలు లుంగీ తప్ప ఒంటి మీద గుడ్డ ఉంచేవాడు కాదు. అదీ తడిపేవాడు. మట్టినేల మీద కూర్చొని, ముందు అరచేతులు నేలకు ఆనించేవాడు. ఉక్కకు అలా చేస్తున్నాడనుకున్నాను నేను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

నడుముకు తడి తువ్వాల. ఒంటి మీద నీళ్ళు. రాయికి రెండు అరచేతులు. మాకది గంగమ్మ మొక్కు. నేను నా అంగీ కాలరు పట్టుకొని నిలబడ్డాను. నిలబడే కాలరు. దాన్ని చూసే గుర్తుపట్టారు వాణ్ణి. వాడు పోయిన బావి పక్కనే సంత బాట. జనం పోయే రోజు వాడు ఆ అంగీ విప్పుతాడా? విప్పడు. తడిపితే బావి మట్టి అంటుతుందని తడిపి కూడా ఉండడు. ఎండాకాలం, పెదాలు పగిలే గాలి.

వేలి కొస ఇంకా చురుక్కుమంటోంది. తమ్ముడు పోయినప్పటి నుంచీ నా ఒంట్లో నాకు తెలిసిన నొప్పి అదే. మిగతా ఒళ్ళంతా ఎక్కడో ఉంది, ఆ ఒక్క వేలు మాత్రం నాది.

అంగీ విప్పి బయట పడేశాను. ఎందుకు మందు గదిలోకి రానన్నానో ఆ రోజు బాబాకు చెప్పాను. తమ్ముడి సంగతి, గడ్డపార సంగతి, అన్న ఎడమచేత్తో తినే సంగతి, ఆ అంగీకి జత ఎవరి ఒంటి మీద ఉందో ఆ సంగతి. హిందీలో అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఇనుమా, గుడ్డా?" అని అడిగాను.

"ఎవరు చెప్పగలరు? రెండూ అక్కడే ఉన్నాయి. దేవుడికి తెలుసు."

"మరి అన్నకు ఏం చెప్పను?"

"గుడ్డ అని చెప్పు."

"అప్పుడది నా మీదికి వస్తుంది బాబా."

"రానీ," అన్నాడు. "నువ్వు అన్నం కుడిచేత్తోనే తింటున్నావు కదా."

మాట కటువుగా ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన అన్నది నిజం.

తూటాలు ఆ సాయంత్రమే నింపాం, వెనక ఖర్జూరపు మట్టల పాకలో, మట్టినేల మీద. బాబా పెట్టె అడుగు నుంచి పాత నూలు లుంగీలు తీయించి తడిపించాడు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. బల్ల కాళ్ళ చుట్టూ నీళ్ళు చల్లాం. ఇద్దరం నేలకు అరచేతులు ఆనించాం. ఆయన ఏదో చదువుకున్నాడు, నేను గంగమ్మ పేరు తలచుకున్నాను. బాబా పిడి తిప్పాడు, నేను గొట్టాలు పట్టాను. చలికి ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి, చెయ్యి వణుకుతోంది. ఇత్తడి కొలత మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అనుమానం వచ్చి గుల్ల చేసిన తూటా ఆ రోజు ఒక్కటీ లేదు. చాలా రోజుల తర్వాత మందు వాసన దగ్గర నుంచి పీల్చాను. భయం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

పెళ్ళి బాగా జరిగింది. తుపాకులు పేలాయి, కొండల మధ్య చప్పుడు తిరిగి తిరిగి వచ్చింది, తెల్లటి పొగ కమ్మేసింది. ఎవరి మొహం మీదా ఏదీ పగల్లేదు. బాబాను భుజాల మీద ఎత్తుకున్నారు. నేను ఖాళీ గొట్టాలు ఏరి సంచిలో వేశాను, రేపు కడగాలి కదా.

ఎండలు ముదరకముందే సెలవు అడిగి ఊరికి వెళ్ళాను. టెర్లిన్ అంగీ మడతపెట్టి పెట్టెలో పైనే పెట్టుకున్నాను.

అన్న వాకిట్లో నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. వదిన పళ్ళెం తెచ్చింది. ఎడమ చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. కుడిచెయ్యి తొడ మీద పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. వదిన నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

ఆయన తినడం అయ్యాక పెట్టె తెరిచి అంగీ తీశాను. పొడి అరచేత్తో దాన్ని గట్టిగా రుద్ది, నేల మీది గడ్డిపోచల మీద పట్టాను. పోచలు ఎగిరి గుడ్డకు అతుక్కున్నాయి. మళ్ళీ రుద్దాను, ఈసారి చిటపటమంది. అన్న తల తిప్పి చూశాడు.

"ఇన్నవా అన్నా?" అన్నాను. "దీంట్ల నిప్పున్నది. ఈ అంగి ఒంటి మీద ఉంటె మందు కాడికి పోవద్దు. నాకు ఆడ తెల్సింది, నా చేతికి గూడ తగిలింది. గడ్డపారతోని కాలే అన్నా. నీ చెయ్యి ఏం జెయ్యలే. అంగితోని అయింది. నేను పంపిన అంగితోని."

నాకు తెలియనిదాన్ని తెలిసినట్టే చెప్పాను. గొంతు తడబడకుండా చెప్పాను.

అన్న అంగీని ఎడమచేత్తో తీసుకొని ఒళ్ళో పరుచుకున్నాడు. కాలరు ఎత్తి నిలబెట్టాడు. పడిపోతే మళ్ళీ నిలబెట్టాడు.

"మస్తు ఒప్పింది రా వానికి," అన్నాడు. వాడకపోవడం వల్ల గొంతు గరగరలాడింది. "ఆ పొద్దు సంత. విడువబోతుంటె నేనే అన్న, ఉండనియ్యి రా, నలుగురు చూడనీ అని. తడుపకు, కరాబైతది అని గూడ నేనే అన్న."

నేను మోస్తానని తెచ్చిన బరువును కూడా ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. రొట్టె తిన్న రోజు రావలసినది, తూటాలు కడిగినన్నాళ్ళూ రావలసినది, అంతా అప్పుడే వచ్చింది. మంచం పట్టె మీద తల పెట్టి పశువులా ఏడ్చాను. వదిన పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

కాసేపటికి వీపు మీద చెయ్యి పడింది. పైకీ కిందికీ నిమిరింది. మోటు చెయ్యి, కాయలు కాచి మొద్దుబారిన చెయ్యి. నేను తలెత్తి చూశాను. కుడిచెయ్యి.